చైన్ సెట్ బాగుంది, లాక్ వాషర్లేవండీ? | వెనక స్ప్రాకెట్ ఇంట్లోనే మార్చుకోవడం

అందరికీ నమస్తే అండి, వైజాగ్ నుంచి. ఈరోజు బల్ల మీద ఉన్నది 150 సీసీ బండికి చైన్ స్ప్రాకెట్ సెట్టు, అంటే చైనూ, దాన్ని తిప్పే ముందు వెనక పళ్ళ చక్రాలూ. రివ్యూ కోసం కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపింది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. ముందు 15 పళ్ళు, వెనక 44, చైను 428 సైజు. మిగతా కొలతల జోలికి వెళ్ళను.

డబ్బా బోర్లిస్తే చైను పడింది, రెండు స్ప్రాకెట్లు పడ్డాయి, చైను రెండు కొసలూ కలిపే చైన్ లాక్ పడింది. వెనక నట్ల కింద వేసే లాక్ వాషర్లు, అంటే నట్టు వదులు కాకుండా చెవి వంచి ఆపే రేకులు మాత్రం లేవు. దీని గురించి చాలాసేపు మాట్లాడాలి, కానీ ముందు పాతది విప్పుదాం.

చక్రం ఊడదీసేశాక స్ప్రాకెట్ నట్లు విప్పుదామని చూడకండి, చక్రం మొత్తం తిరిగిపోతూ ఉంటుంది. బండి నేల మీద ఉండగానే ఒకరు వెనక బ్రేకు తొక్కిపట్టాలి. చిన్న ఉలితో వాషర్ చెవులు వెనక్కి వాల్చి, నాలుగు నట్లూ పావు చుట్టు చొప్పున వదులు చేయండి. ముందు స్ప్రాకెట్ బోల్టులకీ ఇదే పద్ధతి, చైను ఉండగానే వదులు చేసేయాలి.

రోజూ బీచ్ రోడ్డులోనో భీమిలి వైపో తిరిగే బండైతే ఈ నట్లు అంత తేలిగ్గా రావు. ఉప్పుగాలికి స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, దాని మరలు తుప్పు పట్టి నట్టుని పట్టేసుకుంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. పొద్దున బ్రష్షుతో మరలు రుద్ది, ఆరు మూలల సాకెట్ పెట్టి విప్పండి. పన్నెండు మూలల రింగు పానా జారిందంటే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఆ తర్వాత ఉలి దెబ్బలే గతి.

చక్రం తీశారు కదా, చక్రానికీ స్ప్రాకెట్ బిగించే క్యారియర్‌కీ మధ్య కుదుపు ఆపే కప్లింగ్ రబ్బర్లు చూడండి. క్యారియర్‌ని చేత్తో అటూఇటూ తిప్పితే టకటకమని ఆడుతుంటే రబ్బర్లు అయిపోయినట్టే. కొత్త స్ప్రాకెట్ వేసినా గేరు వేసిన ప్రతిసారీ ఆ కుదుపు పోదు. రబ్బర్లూ ఇప్పుడే మార్చేయండి, మళ్ళీ విప్పే పని తప్పుతుంది.

ఇప్పుడు స్ప్రాకెట్ దగ్గరగా చూపిస్తా. పళ్ళ కోత శుభ్రంగా ఉంది, అంచుల్లో గరుకు లేదు, రంధ్రాలు స్టడ్డుల మీద ఆట లేకుండా కూర్చున్నాయి. ఈ పనితనం నాకు నిజంగా నచ్చింది. కానీ ఇక్కడ, నట్టు కూర్చునే చోట, గోరు గుచ్చితే దిగేంత మందంగా పెయింట్ వేశారు. దాని మీదే బిగిస్తే కొన్నాళ్ళకి పెయింట్ నలిగి పలచబడుతుంది, నట్టు బిగువు పోతుంది. రంధ్రాల చుట్టూ ఎమెరీ పేపర్‌తో ఇనుము కనిపించేదాకా గీకండి. వెనక వైపు, క్యారియర్‌కి ఆనే చోట కూడా గీకాలి.

ఇక లాక్ వాషర్. పాతది చేతిలోకి తీసుకుని చెవి మడత చూడండి, సన్నని గీత కనిపిస్తుంది. ఒకసారి వంచి, వాల్చిన రేకు అది. మళ్ళీ వంచితే ఆ గీత దగ్గరే విరుగుతుంది. చెవి లేకపోతే నట్టుని ఆపేదేమీ లేదు. ఒక నట్టు వదులైతే బరువంతా మిగతా మూడింటి మీద పడుతుంది, రంధ్రం కోలగా సాగుతుంది, చివరికి స్టడ్డు తెగుతుంది. స్ప్రాకెట్ పక్కకి వాలి చైను జారి చక్రం పట్టేసిందంటే, సింహాచలం ఘాట్ దిగుతున్న మనిషి పరిస్థితి ఏంటి? ఇంత చైను పెట్టినవాళ్ళు ఆ చిన్న రేకు ముక్కలు పెట్టలేకపోవడం నాకు మింగుడు పడట్లేదు.

స్పేర్ పార్ట్స్ షాపులో మీ మోడల్ పేరు చెప్పి కొత్తవి తెచ్చుకోండి. నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఎంత బిగువన్నది మాన్యువల్‌లో ఉన్నంతే, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో. నట్టు చదును వైపు చెవికి ఎదురుగా రాకపోతే ఇంకాస్త బిగించండి, వెనక్కి మాత్రం తిప్పొద్దు. ఆ తర్వాత చెవిని నట్టుకి అతుక్కునేలా వంచండి.

చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైను పరుగెత్తే దిక్కుకి ఉండాలి. తిరగబడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది. చైను పైకీ కిందకీ ఎంత ఆడుతుందో, ఆ లూజు చూసేటప్పుడు చక్రం తిప్పుతూ చైను అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట కొలవండి. చాలా బండ్లకి 20 నుంచి 30 మి.మీ. ఉంటుంది, మీ మాన్యువల్ అంకె చూసుకోండి. రెండు వైపులా చైన్ అడ్జస్టర్ గుర్తులు సమానంగా ఉన్నాకే చక్రం ఇరుసు (యాక్సిల్) నట్టు బిగించండి. వెనక బ్రేకు మళ్ళీ సెట్ చేసుకోకుండా రోడ్డెక్కొద్దు.

కొండ రోడ్లకి వెనక పళ్ళు పెంచాలా అని చాలామంది అడుగుతున్నారు. 15కి 44 అంటే నిష్పత్తి 2.93. ముందు ఒక్క పన్ను తగ్గిస్తే 3.14, అంటే వెనక మూడు పళ్ళు పెంచినంత. అరకు ఘాట్‌లో లాగుడు బాగుంటుంది, హైవే మీద మాత్రం అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది. రోజూ ఊళ్ళో తిరిగేవాళ్ళు ఉన్నదే ఉంచుకోండి.

లోహం బాగుంది, కోత బాగుంది. అయినా డబ్బాలో లాక్ వాషర్లు పెట్టేదాకా ఈ సెట్టు కొనమని నేను చెప్పను. ఇప్పటికే కొనేసినవాళ్ళు వాషర్లు తెచ్చుకున్నాకే పానా పట్టండి. బిగించిన 200 కిలోమీటర్లకి చైను లూజు, నాలుగు చెవులూ మళ్ళీ ఒకసారి చూసుకోండి.