సర్వపిండి గిన్నెల సైన్సు

పిల్లలూ, పొద్దున మా ఇంట్ల సర్వపిండి చేసిన్రు. ఆ గిన్నెనే కడగకుండ ఇక్కడికి తెచ్చిన. అడుగున ఎర్రటి మాడు అంటుకొని ఉన్నది, చూస్తున్నరా? దాని గురించే మాట్లాడుకుందాం.

మనందరం ఒక గుర్తు పెట్టుకుంటం: వెనక్కి తిరిగొస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు. ఐసు కరిగి నీళ్లయితది, నీళ్లు మళ్ల ఐసైతయి. బాగానే ఉన్నది. మరి గిర్నీల బియ్యం పట్టిస్తే? ఆ పిండిని మళ్ల బియ్యం గింజలు చెయ్యగలమా? చెయ్యలేం. అయినా అది భౌతిక మార్పే. గింజ నలిగింది, పదార్థం మారలేదు. అందుకే నేను ఇంకోటి అడుగుత: కొత్త పదార్థం పుట్టిందా?

ఈ గిన్నెల అదే చూద్దాం. బియ్యప్పిండిల నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, ఉప్పు, కారం వేసి తడిపి, గిన్నె లోపల ఒత్తుతరు. వేలితో తూట్లు పెట్టి నూనె చుక్కలు వేస్తరు. మూత పెట్టి సన్న మంట మీద ఉంచితే ముందు సుయ్యిమంటది. అవి ఆవిరయ్యే నీళ్లు. మూత తిప్పి చూడుండ్రి, బొట్లు బొట్లుగ అవే నీళ్లు. కొత్తదేం పుట్టలేదు.

తడి ఉన్నంతసేపు పిండి వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. గంజి ఎంత మరిగినా ఎర్రబడకపోవుడు అందుకే. గిన్నెకు అంటిన పొర ఎండినంక వేడి 140 డిగ్రీలు దాటుతది. అప్పుడు అసలు కథ మొదలైతది. పిండిల ఉన్న చక్కెరలు, పప్పులు పల్లీలల్ల ఉన్న అమైనో ఆమ్లాలు (ప్రొటీన్లు వీటితోనే తయారైతయి) కలిసి వందల కొత్త పదార్థాలు పుడతయి. ఆ ఎరుపు, పక్కింటి దాకా పోయే ఆ కమ్మటి వాసన వాటివే. 1912లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మయార్ దీన్ని వివరించిండు. పెంక మీద జొన్నరొట్టెకు పడే మచ్చలు, మక్క గారెల రంగు గూడ ఈ మయార్ చర్యనే. నాకైతే వంటింట్ల ఇంతకన్న అందమైన రసాయన శాస్త్రం కనబడలేదు.

పాలు తోడేస్తే పెరుగైతది గద, అదీ రసాయన మార్పే. పాల చక్కెరను బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగ మారుస్తది. చలికాలం అది మెల్లగ పనిచేస్తది, పెరుగు ఆలస్యంగ పేరుకుంటది.

చివరగ ఒకటి మీతోనే చేయిస్త. ఈ తెల్ల గుడ్డకు పసుపు రాసిన. బట్టల సబ్బు నీళ్లు ఒక్క చుక్క వేస్తున్న. చూసిన్రా, ఎర్రబడ్డది! ఇది రసాయన మార్పు. ఇగ వెనక్కి రాదంటరా? ముందు వరుసల కూసున్న బిడ్డా, ఇట్ల రా. ఈ నిమ్మచెక్క పట్టుకో. ఆ ఎర్ర మచ్చ మీద నువ్వే పిండు, పసుపు రంగు మళ్ల వస్తదో రాదో అందరికీ గట్టిగ చెప్పు.