కట్టెల రసీదు ఎవరి పేరు మీద ఉంది?

ప్రయోక్త: నమస్కారం. మనిషి పోయిన ఇంట్లో డబ్బు మాట ఎత్తకూడదంటారు. కానీ పాడె కట్టకముందే అప్పు కోసం ఫోన్లు చేసే ఇళ్లు మనకు తెలియనివి కావు. కార్మికుల తరఫున ఏళ్లుగా దరఖాస్తులు నింపుతున్న అక్క ఈరోజు మనతో ఉన్నారు. అక్కా, ఇ.ఎస్.ఐ. అంటే కార్మికుల బీమా పథకం, దాని కార్డు ఆసుపత్రికే పనికొస్తుందనుకుంటాం. అంత్యక్రియలకూ ఇస్తారా?

అతిథి: ఇస్తారు. నెల జీతం 21 వేలలోపు ఉండి, అందులోంచి ఇ.ఎస్.ఐ. కోత పడుతున్న కార్మికుడు చనిపోతే, అంత్యక్రియలకు అయిన ఖర్చు 15 వేల రూపాయల వరకు వస్తుంది. 2019కి ముందు 10 వేలే ఉండేది. అనారోగ్య భృతికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న లెక్క ఉంది. దీనికి లేదు, చేరిన మొదటి రోజు నుంచే హక్కు.

ప్రయోక్త: సరే, డబ్బు చేతికి అందేది ఎప్పుడు?

అతిథి: చిక్కంతా అక్కడే. ముందు మీరు ఖర్చు పెట్టాలి, తర్వాత వాళ్లు ఇస్తారు. కట్టెలవాడు అంతవరకు ఆగడు కదా! చేసిన అప్పు తీర్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. అదీ మూడు నెలల్లోపు అడిగితేనే. కర్మకాండలన్నీ ముగిసి, చుట్టాలు వెళ్లిపోయి, ఎప్పుడో గుర్తొచ్చి వచ్చేవాళ్లను చూస్తే కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ప్రయోక్త: ఎవరికి ఇస్తారు? భార్యకా, కొడుక్కా?

అతిథి: కుటుంబంలో మిగిలినవారిలో పెద్దవారికి. కుటుంబం లేకపోయినా, పోయేనాటికి వారితో కలిసి ఉండకపోయినా, ఖర్చు నిజంగా ఎవరు పెట్టుకున్నారో వారికి. ఈ రెండో మాట చాలామందికి తెలియదు. ఒకసారి ఒక కుర్రాడు వచ్చాడు. ఒకే గదిలో ఉండే స్నేహితుడు పోయాడట. చొక్కా జేబులోంచి శ్మశానవాటిక రసీదు తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు, చెమటకు ఒక మూల సిరా అలుక్కుపోయింది. “నేను బంధువును కాదండీ, అడగవచ్చా?” అన్నాడు. రసీదు విప్పి చూస్తే డబ్బు కట్టినవారి పేరు దగ్గర అతని పేరే ఉంది. ఇంకేం కావాలి! మరణ ధ్రువీకరణ పత్రం, స్నేహితుడి బీమా నంబరు జతచేసి పంపాం.

ప్రయోక్త: కార్డే లేని కూలీల సంగతి?

అతిథి: దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇంట్లో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య పోతే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20 వేలు ఇస్తారు. అది ఆ ఇల్లు నిలదొక్కుకోవడానికి ఇచ్చేది, అంత్యక్రియల కోసమని కాదు. అరవై దాటిన ముసలమ్మ పోతే అందులో చోటు లేదు. నాకు మింగుడు పడనిది అదే. ఆమెకైతే కట్టెలు తక్కువ పడతాయా?

ప్రయోక్త: ఇంతకీ ఆ కుర్రాడికి డబ్బు వచ్చిందా?

అతిథి: వచ్చింది. అప్పు ఇచ్చిన మేస్త్రికి అసలు కట్టేశాడు. రెండు నెలల వడ్డీ మాత్రం తన జేబులోంచే పోయింది.