ఒంటి మీద బట్టకు ఎవరి అనుమతి?

[తెరపై: ఖాళీగా ఉన్న బట్టల దండెం]

ఆడవారి దుస్తుల మీద చర్చ మొదలైతే, ఎంతవరకు కప్పుకోవాలన్న కొలతల దగ్గరే మాట తిరుగుతూ ఉంటుంది. ఆ కొలతలు మాత్రం ఎన్నడూ ఒకచోట నిలిచినవి కావు.

[తెరపై: తిరువాన్కూరు పటం, 1859]

19వ శతాబ్దపు తిరువాన్కూరు సంస్థానంలో (నేటి దక్షిణ కేరళ, కన్యాకుమారి ప్రాంతం) నాడార్ కులపు స్త్రీలు పై కులాల వారి ఎదుట రొమ్ము కప్పుకోకుండా ఉండడమే మర్యాదగా చెలామణి అయింది. క్రైస్తవం పుచ్చుకున్న నాడార్ స్త్రీలు రవిక తొడుక్కోవడానికి 1813లో అనుమతి దొరికినా, తొడుక్కున్న వారి రవికలను నడివీధిలో చించిన సంఘటనలు ఆ తరువాత దశాబ్దాల పాటు జరిగాయి. చివరకు 1859 జులై 26న వెలువడిన రాజశాసనం నాడార్ స్త్రీలందరికీ ఒళ్లు కప్పుకునే హక్కునిచ్చింది. అయితే పై కులాల స్త్రీల పద్ధతిలో మాత్రం కప్పుకోకూడదని అందులోనే షరతు పెట్టింది. ఇచ్చిన హక్కులో కూడా అంతస్తును కాపాడుకున్న ఆ ఒక్క షరతు నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేస్తుంది.

[తెరపై: టెహ్రాన్ వీధి, పాత ఛాయాచిత్రం]

ఇరాన్‌లో 1936 జనవరిలో రాజు రెజా షా ప్రభుత్వం ఆధునికత పేరుతో పరదాను నిషేధించినప్పుడు, పోలీసులు వీధుల్లో స్త్రీల తలల మీది ముసుగులను లాగివేశారు. ముసుగు లేకుండా బయటకు రావడం ఇష్టంలేని ఎందరో ఇళ్లకే పరిమితమయ్యారు. 1979 విప్లవం తరువాత వచ్చిన ప్రభుత్వం అదే ముసుగును తప్పనిసరి చేసి, 1983 నాటి చట్టంలో దాన్ని ధరించని స్త్రీలకు 74 కొరడా దెబ్బల శిక్ష విధించింది. అంటే 1936లో పదహారేళ్ల వయసున్న అమ్మాయి, ముసుగు వేసుకుందని ఒకసారి, అరవై మూడేళ్ల వయసులో వేసుకోలేదని మరొకసారి, ఒకే నగరంలో నేరస్థురాలు కాగలదు. ఆ రెండు చట్టాలలో ఏదీ ఆమె ఇష్టాన్ని అడగలేదు. 2022 సెప్టెంబరులో, ముసుగు సరిగా వేసుకోలేదని పట్టుబడిన మహ్సా అమీనీ అనే యువతి పోలీసు నిర్బంధంలో మరణించినప్పుడు వీధుల్లోకి వచ్చిన స్త్రీలు అడిగింది ఆ ఇష్టం గురించే.

ప్యారిస్‌లో 1800 నాటి పోలీసు ఉత్తర్వు ప్రకారం మగవారి దుస్తులు వేసుకోదలచిన స్త్రీ అనుమతి పత్రం తీసుకోవలసి ఉండేది. ఆ ఉత్తర్వు చెల్లదని ఫ్రాన్స్ ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది 2013లోనే.

[తెరపై: ఇసుకలో హ్యాండ్‌బాల్ గీతలు]

2021లో యూరోపియన్ బీచ్ హ్యాండ్‌బాల్ పోటీల్లో నార్వే మహిళా జట్టు, నిబంధన చెప్పిన బికినీకి బదులు నిక్కర్లు వేసుకుని ఆడినందుకు 1,500 యూరోల జరిమానా కట్టవలసి వచ్చింది. బికినీ పక్కభాగం వెడల్పు 10 సెంటీమీటర్లు మించకూడదన్నది అప్పటి నిబంధన. మగవారు మాత్రం నిక్కర్లలోనే ఆడేవారు. విమర్శలు వెల్లువెత్తాక అదే ఏడాది ఆ నిబంధన మారి, స్త్రీలకు కూడా నిక్కర్లు అనుమతించారు. కొత్త నిబంధనలో మగవారి నిక్కరు మరీ వదులుగా లేకుండా, మోకాలికి 10 సెంటీమీటర్ల పైన ఉంటే చాలన్నారు. ఆడవారి నిక్కరు పొట్టిగా, ఒంటికి అంటుకునేంత బిగుతుగా ఉండాలని రాశారు.