మూడుసార్లు అమ్ముడైన లోయ

అధ్యక్షులకు, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, సభకు నమస్కారం. ఆహ్వాన పత్రంలో నా ప్రసంగ విషయం ‘మధ్యయుగ బోస్నియా సామంతులు’ అని వేశారు. కొసాచ వంశం, పావ్లోవిచ్ వంశం, వాళ్ల కోటలు, బిరుదులు అన్నీ రాసుకొచ్చాను. అయితే ముందుగా కొనావ్లె అనే లోయ గురించి చెప్పనివ్వండి.

డుబ్రోవ్నిక్‌కు విమానంలో వెళ్లేవారు దిగేది ఈ లోయలోనే. ఇప్పుడది క్రొయేషియాలో ఉంది. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు. ఆ కొండలకు అవతల బోస్నియా సామంతులు, ఇవతల డుబ్రోవ్నిక్ నగరంలో వర్తకుల గణతంత్రం. నగరానికి ధాన్యం కావాలి, పొలాలు కావాలి. సామంతులకు రొక్కం కావాలి.

1391 మార్చిలో బోస్నియా రాజు ట్వర్ట్‌కో కన్నుమూశాడు. ఏప్రిల్‌లోనే రాదిచ్, బేల్యాక్ అనే సాంకోవిచ్ సోదరులు కొనావ్లెను డుబ్రోవ్నిక్‌కు రాసిచ్చేశారు. మిగతా సామంతులు మండిపడ్డారు. రాజ్యపు నేలను ఇద్దరు అన్నదమ్ములు ఎలా అమ్ముతారని వ్లాత్కో వూకోవిచ్, పావ్లె రాదినోవిచ్ సైన్యంతో దిగి లోయను లాక్కున్నారు. ఈ వ్లాత్కో సామాన్యుడు కాడు, 1389లో ఒట్టోమన్ తురుష్కులతో జరిగిన కొసోవో యుద్ధంలో బోస్నియా సేనను నడిపించినవాడు. ఇంతకీ వాళ్లు లోయను రాజుకు అప్పగించారా? లేదు. చెరి సగం పంచుకున్నారు.

వ్లాత్కో వాటా అతని సోదరుడి కొడుకు సాండల్ హ్రానిచ్‌కు వచ్చింది. 1419లో అతను దాన్ని అమ్మాడు, అదే డుబ్రోవ్నిక్‌కు. పావ్లె వాటా అతని కొడుకు రాదోస్లావ్ పావ్లోవిచ్‌కు వచ్చింది. 1426లో అతనూ అమ్మాడు, అదే డుబ్రోవ్నిక్‌కు. అమ్మకం ద్రోహమంటూ కత్తి దూసిన ఇద్దరి వారసులూ అమ్మారు! నేను ఇన్నేళ్లూ చరిత్ర పాఠం చెప్పాను. ఈ వరస పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు కోపం వచ్చేది, ఇప్పుడూ వస్తోంది.

డుబ్రోవ్నిక్ మహాసభ 1416లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. సిగ్గుమాలిన వర్తకమని శాసనంలోనే రాసుకుంది. ఐరోపాలో ఎంతో ముందడుగు అది, ఆ గౌరవం దానికి దక్కాల్సిందే. సరిగ్గా మూడేళ్లకు అదే నగరం ఒక లోయను మనుషులతో సహా కొన్నది. పొలాలను నగరంలోని కులీనులకు, పౌరులకు పంచింది. అప్పటిదాకా అక్కడ దున్నుకుంటున్నవాళ్లు కొత్త యజమానుల కింద పంటలో వాటా, వెట్టి చెల్లించే రైతులయ్యారు. వాళ్లను ఎవరైనా అడిగారా? అయ్యా, మీలో పొలం దస్తావేజు చూడనివారు ఎవరున్నారు? మా నాన్నగారు కౌలుకు చేసిన చేను చేతులు మారిన రోజున ఆ కాగితం నేను చదివాను. నాలుగు దిక్కుల హద్దులూ ఉన్నాయి, తూర్పున ఉన్న బావి కూడా ఉంది. ఆయన పేరు మాత్రం లేదు. అందుకే రాజుల ఒప్పంద పత్రాలు చదివేటప్పుడు నా కన్ను వాటిలో లేని పేర్ల కోసం వెతుకుతుంది.

రాదోస్లావ్ అమ్మి, సొమ్ము తీసుకుని, నాలుగేళ్లకే తన భాగం వెనక్కి కావాలన్నాడు. 1430లో యుద్ధం. లోయలో ఊళ్లు తగలబడ్డాయి. రెండు పక్షాలూ కానుకలు పట్టుకుని ఒట్టోమన్ సుల్తాన్ మురాద్ కొలువుకు పరుగెత్తాయి. సముద్రపు ఒడ్డున ఉన్న పొలం ఎవరిదో ఒట్టోమన్ దర్బారు తేల్చింది. లోయ నగరానికే దక్కింది. తమ తగాదాకు తీర్పరిగా సుల్తాన్‌ను పిలిచిన సామంతులు ఆయన సైన్యానికి దారి కూడా చూపించినట్టే. 1463లో బోస్నియా రాజ్యం కూలిందంటే ఒక్క సుల్తాన్ మెహ్‌మెద్ దండయాత్ర వల్లనే అనే పాఠం నాకు ఎప్పుడూ సరిపడలేదు.

సమయం మించుతోందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. ఒక్క మాట. సాండల్ తమ్ముడి కొడుకు స్తెపాన్ వుక్చిచ్ కొసాచ. 1448లో హెర్ట్సెగ్, అంటే డ్యూక్, అనే బిరుదు పెట్టుకున్నాడు, ఆ ప్రాంతానికి హెర్జెగోవినా అనే పేరు అక్కడినుంచే పుట్టింది. ఆయనా 1451లో కొనావ్లె మీదకు వెళ్లాడు. డుబ్రోవ్నిక్ ఆయన తలకు 15,000 డుకాట్ల (బంగారు నాణేల) వెల కట్టింది, చంపినవాడికి కులీన పదవి కూడా ఇస్తానంది. మరుసటి ఏడు సొంత కొడుకు వ్లాదిస్లావ్ తండ్రి మీద తిరగబడి డుబ్రోవ్నిక్‌తో చేతులు కలిపాడు. 1454లో సంధి కుదిరి, హద్దులు మళ్లీ పాతచోటికే వచ్చాయి. 1808లో ఫ్రెంచివారు గణతంత్రాన్ని రద్దు చేసేదాకా కొనావ్లె డుబ్రోవ్నిక్‌దే.

కోటలు, బిరుదులు మిగిలిపోయాయి. వాటి గురించి అడిగినా చెబుతాను, కానీ మొదటి ప్రశ్న ఆ రైతుల గురించి అడగండి.