మెదడు ఎవరి మాట నమ్ముతుంది?

సభకు నమస్కారం.

జ్ఞానేంద్రియాలు ఐదు అని అందరం బడిలో చదువుకున్నాం. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, చర్మం స్పర్శను గ్రహిస్తుంది. ఎవరి పని వారిదే అన్నట్టు సాగుతుంది ఆ పాఠం. అందులో తప్పేమీ లేదు గానీ, అసలు ఆసక్తికరమైన కథ ఆ పాఠం ముగిసిన చోట మొదలవుతుంది. ఒకే సంఘటన గురించి కన్ను ఒకటి చెప్పి, చెవి మరొకటి చెబితే మనకు తెలిసేది ఏది? ఆ తగవు తీర్చేది మెదడు. దాని తీర్పు మాత్రమే మన దాకా వస్తుంది, వాదోపవాదాలు రావు. ఆ తీర్పు ఎలా జరుగుతుందో ఈ రోజు మీతో పంచుకుంటాను.

ముందుగా ఒక ప్రయోగం. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రచురించారు. తెర మీద ఒక ముఖం కనిపిస్తుంది. ఆ పెదవులు 'గ, గ' అని పలుకుతున్నాయి. దానికి జత చేసిన గొంతు మాత్రం 'బ, బ' అంటోంది. చూస్తూ వింటున్న పెద్దల్లో దాదాపు అందరికీ వినిపించింది ఆ రెండూ కాదు, 'డ, డ'! కళ్ళు మూసుకుంటే 'బ' స్పష్టంగా వినిపిస్తుంది. తెరిస్తే మళ్ళీ 'డ'. ఇందులోని కిటుకు తెలిసినవారికి కూడా అలాగే వినిపిస్తుంది. దశాబ్దాలుగా ఈ విషయం మీదే పనిచేస్తున్న పరిశోధకుల చెవులకూ మినహాయింపు లేదు.

'డ' ఎందుకు వచ్చిందో మన వర్ణమాల తెలిసినవారికి సులభంగానే అందుతుంది. 'బ' ఓష్ఠ్యం, పెదవులు కలిస్తే తప్ప పలకదు. పెదవులు కలవలేదని కన్ను గట్టిగా చెబుతోంది. 'గ' కంఠ్యం, నోటి వెనక భాగంలో పుడుతుంది. చెవికి అందిన శబ్దం అలా లేదు. నోటి లోపల ఈ రెండు చోట్లకూ నడుమ పుట్టే 'డ' అయితే చెవి చెప్పినదానికి మరీ దూరం కాదు, కన్ను చూసినదానికీ విరుద్ధం కాదు. ఇద్దరి మాటలతోనూ వీలైనంత పొసిగే జవాబును మెదడు ఎంచుకుంది. దాన్ని ఒక ఊహగా మన ముందు పెట్టలేదు, 'విన్నది'గానే పెట్టింది. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే. వినడం అనే అనుభవం మన ఎరుకలోకి వచ్చేలోపే అందులో కంటి వాటా కలిసిపోయి ఉంటుంది.

ఇది ప్రయోగశాలలో మాత్రమే కనిపించే వింత కాదు. మాట్లాడేవారి ముఖం కనిపిస్తే రొదలో మాట బాగా తెలుస్తుందని 1954లోనే సంబీ, పోలాక్ కొలిచి చూపించారు. రొద ఎంత పెరిగితే ముఖం చూడటం వల్ల కలిగే మేలు అంత ఎక్కువ. వినికిడి తగ్గిన పెద్దవారితో మాట్లాడేటప్పుడు గొంతు పెంచడం ఒక్కటే మనకు తోస్తుంది. వెలుతురు మన ముఖం మీద పడేలా, వారికి ఎదురుగా నిలబడి మాట్లాడటం అంతకంటే తక్కువ సాయమేమీ కాదు. దయచేసి ఇది గుర్తుంచుకోండి.

ఇంతకీ తీర్పరి ఎవరి వైపు మొగ్గుతాడు? చాలాకాలం పాటు 'చూపుదే పైచేయి' అనే భావన ఉండేది. బొమ్మను ఆడిస్తూ పెదవి కదపకుండా మాట్లాడే కళాకారుణ్ణి చూడండి. గొంతు అతనిదే అయినా మాట బొమ్మ నోటి నుంచి వస్తున్నట్టే ఉంటుంది. సినిమా హాల్లో స్పీకర్లు ఎక్కడున్నా మాట తెర మీద నటుడి నోటి నుంచే వినిపిస్తుంది. ఇవన్నీ చూస్తే కన్నే ఎప్పుడూ గెలుస్తుందని అనిపించడం సహజం. కానీ అది నిజం కాదని 2002లో మార్క్ ఎర్నెస్ట్, మార్టిన్ బ్యాంక్స్ ఒక చక్కని ప్రయోగంతో తేల్చారు.

వారు చేసిందేమిటంటే, ఉబ్బెత్తుగా ఉన్న ఒక గట్టును కంటికి చూపించారు, అదే సమయంలో బొటనవేలికీ చూపుడువేలికీ దాని ఎత్తు తగిలేలా యంత్రం అమర్చారు. కన్ను చెప్పే ఎత్తుకూ వేళ్ళు చెప్పే ఎత్తుకూ కొద్దిపాటి తేడా పెట్టారు. చిత్రం శుభ్రంగా ఉన్నప్పుడు మనుషులు చెప్పిన ఎత్తు కంటి వైపు మొగ్గింది. చిత్రాన్ని చెదరగొడుతూ పోయేకొద్దీ తీర్పు వేళ్ళ వైపు జరిగింది. విడివిడిగా ఒక్కో ఇంద్రియం ఎంత నమ్మదగినదో ముందే కొలిచి పెట్టుకున్నారు కాబట్టి, ఎంత జరగాలో లెక్క వేశారు. గణితం చెప్పిన చోటికే, ఇంచుమించు సరిగ్గా అంతే జరిగింది. మెదడు సాక్షుల హోదా చూడటం లేదు. ఈ క్షణంలో, ఈ విషయంలో ఎవరి సాక్ష్యం ఎంత నిలకడగా ఉందో చూసి దానికి తగిన విలువ ఇస్తోంది. రెండిటినీ అలా కలిపినప్పుడు వచ్చే అంచనా, ఏ ఒక్కదాని అంచనా కంటే కూడా కచ్చితంగా ఉంటుంది. కలపడంలోని లాభం అదే.

రెండేళ్ళ తర్వాత ఆలిస్, బర్ అనే పరిశోధకులు ఇదే పద్ధతిని బొమ్మ మాటల భ్రమకు వర్తింపజేశారు. తెర మీద కాంతి మచ్చ చూపి, కాస్త పక్క నుంచి శబ్దం వినిపించారు. మచ్చ స్పష్టంగా ఉంటే శబ్దం దాని వైపు లాగబడింది. మచ్చను బాగా మసకబారిస్తే కథ తిరగబడింది, శబ్దమే చూపును తన వైపు లాగింది. ఇక కాలం సంగతికొస్తే చెవి మహా దిట్ట. 2000లో లాదన్ షామ్స్ బృందం చూపించిన భ్రమలో తెర మీద ఒక్కసారే మెరుపు వస్తుంది, దానితో పాటు రెండు చిన్న 'బీప్' శబ్దాలు వినిపిస్తాయి. చూసేవారికి రెండు మెరుపులు కనిపిస్తాయి! చోటు విషయంలో కన్ను, సమయం విషయంలో చెవి ఎక్కువ కచ్చితమైనవి. మెదడుకు ఆ సంగతి తెలుసు.

దీనికంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు ఈ రెండు సంకేతాలూ ఒకే సంఘటన నుంచి వచ్చాయా? రాకపోతే కలపడమే పొరపాటు. దీన్ని తేల్చడానికి మెదడు ముఖ్యంగా చూసేవి చోటు, సమయం. సమయం అంత తేలికైన ఆధారం కాదు. కాంతితో పోలిస్తే శబ్దానిది తాబేలు నడక: అది సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది, అంటే పది మీటర్ల దూరానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది. మరోవైపు శరీరం లోపల చెవి వేగంగా స్పందిస్తుంది, కంటిలోని రెటీనా కాంతిని నాడీ సంకేతంగా మార్చడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. రెండూ ఒకే క్షణంలో మెదడును చేరడమనేది దాదాపు ఉండదు. అందుకే మెదడు కొంత గడువు ఇస్తుంది. ఆ గడువులో పక్షపాతం కూడా ఉంది. టీవీలో శబ్దం బొమ్మ కంటే వెనకబడితే మనం చాలావరకు సర్దుకుపోతాం, బొమ్మ కంటే ముందొస్తే వెంటనే పట్టేస్తాం. ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ కాంతి తర్వాతే వస్తుంది కాబట్టి ముందొచ్చిన శబ్దం మెదడుకు అనుమానాస్పదం.

సమయం కుదిరితే మెదడు ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే 1998లో బాట్వినిక్, కోహెన్ చేసిన రబ్బరు చేతి ప్రయోగాన్ని చూడాలి. మీ ఎడమ చేతిని బల్ల మీదే ఒక అడ్డుతెర వెనక ఉంచుతారు. మీ కళ్ళ ముందు రబ్బరు ఎడమ చేయి పెడతారు. రెండు చిన్న కుంచెలతో రెండు చేతులనూ ఒకే చోట, ఒకే లయలో నిమురుతారు. కాసేపటికి కుంచె స్పర్శ రబ్బరు చేతి మీద తగులుతున్నట్టు అనిపిస్తుంది, ఆ చేయి మీదే అనిపిస్తుంది. తర్వాత కళ్ళు మూసుకుని, బల్ల కింద నుంచి కుడి వేలితో మీ ఎడమ వేలు ఎక్కడుందో చూపమంటే, మీరు చూపే చోటు అసలు చోటు నుంచి రబ్బరు చేతి వైపు జరిగి ఉంటుంది. రెండు కుంచెల లయ తప్పిస్తే ఈ భ్రమ బాగా బలహీనపడుతుంది. 'ఇది నా శరీరం' అనే భావన కంటే మనకు నిశ్చయమైనది ఏముంది? అది కూడా చూపు, స్పర్శ, కండరాలు చెప్పే సమాచారం కలిపి మెదడు ప్రతి క్షణం ఇస్తున్న తీర్పేనని ఈ ప్రయోగం చెబుతోంది.

ఈ కలయిక మెదడులో చాలా చోట్ల జరుగుతుంది. వివరంగా మొదట తెలిసిన చోటు మధ్య మెదడులోని సుపీరియర్ కొలిక్యులస్. 1980లలో అలెక్స్ మెరెడిత్, బ్యారీ స్టైన్ పిల్లుల్లో అక్కడి నాడీకణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. కొన్ని కణాలు కాంతికీ శబ్దానికీ కూడా స్పందించాయి. రెండూ ఒకే చోటు నుంచి ఒకే సమయంలో వస్తే స్పందన కొన్నిసార్లు ఆ రెండు విడి స్పందనల మొత్తాన్ని కూడా మించిపోయింది. విడివిడి సంకేతాలు ఎంత బలహీనంగా ఉంటే కలయిక వల్ల వచ్చే పెరుగుదల అంత ఎక్కువ. రొదలో ముఖం చూడటం ఎందుకంత మేలు చేస్తుందో ఇప్పుడు మళ్ళీ ఆలోచించండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఈ నేర్పు పుట్టుకతో రాదు. చీకటిలో పెంచిన పిల్లుల్లో కాంతికీ శబ్దానికీ స్పందించే కణాలు ఏర్పడ్డాయి గానీ, వాటికి ఆ రెండిటినీ కలపడం తెలియలేదు. మనుషుల్లోనూ, సుమారు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు పెద్దల్లా చూపునూ స్పర్శనూ తూచి కలపరని మోనికా గోరీ బృందం 2008లో చూపించింది. పరిమాణం విషయంలో వారు చేతినే నమ్ముతారు, వాలు విషయంలో కంటినే నమ్ముతారు. పెరుగుతున్న శరీరంలో ఒక ఇంద్రియం మరొకదాన్ని సరిదిద్దుతూ ఉంటుందనీ, అది కుదుటపడ్డాకే కలపడం మొదలవుతుందనీ వారి అభిప్రాయం. ఆ వాదన నాకు సబబుగా తోస్తుంది.

కాబట్టి ఒక ఇంద్రియంలో లోపం ఆ ఒక్కదానితో ఆగదు. పుట్టుకతో వినికిడి లేక కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి చెవి నాడికి అందించే పరికరం) పెట్టించుకున్న పిల్లలకు మెక్‌గర్క్ పరీక్ష పెట్టారు. రెండున్నరేళ్ళ లోపు అమర్చినవారిలో కొందరు పెదవినీ గొంతునూ కలపగలిగారు. ఆలస్యమైనవారిలో ఎక్కువమంది శబ్దం అందుతున్నా కంటి మాటే పట్టుకున్నారు. పసిబిడ్డ పిలుపుకు తిరగడం లేదని అనుమానం వస్తే 'పెద్దయ్యాక చూద్దాం' అనవద్దని తల్లిదండ్రులను చేతులెత్తి వేడుకుంటాను. ఇక్కడ నెలలు కూడా లెక్కకు వస్తాయి.

అలాగని ఆలస్యమైతే తలుపులన్నీ మూసుకుపోతాయని కాదు. పుట్టుగుడ్డివారికి చూపు వస్తే, చేతితో తడిమి ఎరిగిన వస్తువును కంటితో గుర్తుపడతారా అని 1688లో విలియం మోలినో తత్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాశాడు. మూడు శతాబ్దాలు దాటాక, మన దేశంలో చూపులేని పిల్లలకు చికిత్స చేయిస్తూ నాడీశాస్త్రవేత్త పవన్ సిన్హా నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో దానికి ప్రయోగపూర్వకమైన జవాబు దొరికింది. చూపు లేకుండా పుట్టి, శస్త్రచికిత్సతో చూపు పొందిన 8 నుంచి 17 ఏళ్ళ మధ్య పిల్లలు ఐదుగురు. పెద్ద ఆట దిమ్మెల వంటి ఆకారాన్ని ముందు చేతికిచ్చి, తర్వాత రెండిటిని చూపి ఏది అదో చెప్పమన్నారు. కట్టు విప్పిన కొత్తలో వారి జవాబులు గుడ్డిగా ఊహించి చెప్పినదానికంటే పెద్దగా మెరుగ్గా లేవు, కంటితో చూసినదాన్ని కంటితో పోల్చడం మాత్రం బాగానే చేశారు. అయితే కొద్ది రోజుల తర్వాత మళ్ళీ పరీక్షించినప్పుడు, ప్రత్యేకంగా ఎవరూ నేర్పకపోయినా, చేయి ఎరిగినదాన్ని కన్ను గుర్తుపట్టడం గణనీయంగా మెరుగుపడింది. 2011లో వచ్చిన ఈ ఫలితం తర్వాత, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు శస్త్రచికిత్స చేసి ఏం లాభమని అడిగేవారికి చెప్పడానికి మన దగ్గర గట్టి జవాబు ఉంది.