కిల్విన్నింగ్ లాడ్జి: 64 ఏళ్ల విడి కాపురం

అందరికీ నమస్కారం.

ఫ్రీమేసన్ల గురించి, అంటే రాతి మేస్త్రీల సంఘాల నుంచి పుట్టిన ఆ సోదర సంఘం గురించి, ప్రసంగం అనగానే మీలో చాలామందికి గోషామహల్ బారాదరి గుర్తొచ్చి ఉంటుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ భవనం 1872 నుంచి మేసన్ల చేతుల్లో ఉంది. ఆ తలుపుల వెనక ఏం జరుగుతుందోనని మన ఊళ్లో బోలెడు కథలు. ఈ సాయంత్రం వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది స్కాట్లాండ్‌లో ఎయిర్‌షైర్ ప్రాంతపు ఒక చిన్న ఊరి లాడ్జి, అంటే మేసన్ల స్థానిక సంఘం గురించి. దాని పేరు కిల్విన్నింగ్. తన పెద్దరికాన్ని ఒప్పుకోలేదని అది, లాడ్జిలన్నిటికీ పైనుండే గ్రాండ్ లాడ్జి నుంచి బయటికి నడిచి, 64 ఏళ్లు తన కాళ్ల మీద తాను నిలబడింది.

మొదట్లో లాడ్జి అంటే రాతి పని జరిగే చోట వేసుకున్న పాక. వానకీ చలికీ అందులో కూర్చుని రాళ్లు చెక్కేవారు. క్రమంగా ఆ మేస్త్రీల సంఘానికే ఆ పేరు వచ్చింది. 1598 డిసెంబర్ 28న, రాజు ఆరో జేమ్స్ కట్టడాలన్నిటి మీదా అధికారిగా ఉన్న విలియం షా ఈ మేస్త్రీల కోసం కొన్ని నియమాలు రాయించాడు. శిష్యుడు కనీసం ఏడేళ్లు పని నేర్చుకోవాలి. అనుమతి లేకుండా ఒక మేస్త్రీ జీవితం మొత్తంలో ముగ్గురికి మించి శిష్యుల్ని పెట్టుకోకూడదు. నాకు వాటిలో బాగా నచ్చింది పరంజా గురించిన నియమం. పరంజా గట్టిగా కట్టించే పూచీ మేస్త్రీదే. అతని నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, ఇక మీదట సొంతంగా పని చేయించే హక్కు పోతుంది, ఇంకో మేస్త్రీ కింద పనిచేయాలి. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట ఇది. మన ఊళ్లో పరంజా మీంచి కూలీ పడిపోయాడన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఈ నియమమే గుర్తొస్తుంది.

ఇక ఎడిన్‌బరోలో మేరీస్ చాపెల్ లాడ్జి ఉంది. దాని మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశాల్లో జరిగింది రాసుకునే పుస్తకంలో, మొదటి తేదీ 1599 జూలై 31. ఆ రోజు రాసుకున్నది ఏ రహస్యమో అనుకునేరు. జార్జ్ పేటన్ అనే మేస్త్రీ ఒక కోవన్‌ను పనిలో పెట్టుకున్నానని ఒప్పుకున్నాడు. కోవన్ అంటే గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకోకుండా, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టేవాడు. చేయించిన పని ఒక పొగగొట్టం తల కట్టడం, రెండున్నర రోజులు. తప్పయిందని తల వంచాడు కాబట్టి క్షమించారు, ఇంకెవరైనా చేస్తే ఊరుకోమన్నారు. అంతే. ఈ రెండున్నర రోజుల పొగగొట్టం కాగితమే తర్వాత కిల్విన్నింగ్‌కు అడ్డం వచ్చింది.

ఎలాగంటారా? 1736 నవంబర్ 30న 33 లాడ్జిలు కలిసి స్కాట్లాండ్ గ్రాండ్ లాడ్జిని పెట్టుకున్నాయి. మేసన్ల మీద వంశపారంపర్యంగా వచ్చిన హక్కును రాజీనామా చేసి, రోజ్లిన్‌కు చెందిన విలియం సెయింట్ క్లెయిర్ మొదటి గ్రాండ్ మాస్టర్‌గా ఎన్నికయ్యాడు. కిల్విన్నింగ్ కూడా చేరింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్న వచ్చేసరికి చేతిలో ఉన్న కాగితం చూపించమన్నారు. మేరీస్ చాపెల్ 1599 చూపించింది. కిల్విన్నింగ్ దగ్గర మిగిలిన పుస్తకం 1642 నుంచే ఉంది. మా లాడ్జి మా ఊరి మఠం కట్టిన మేస్త్రీలది, పన్నెండో శతాబ్దం నాటిది అని వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. అంత పాత కాలానికి రాతపూర్వక ఆధారం లేదు. పైగా 1599 డిసెంబర్‌లో షా ఇచ్చిన రెండో నియమావళే ఎడిన్‌బరోను మొదటి లాడ్జిగా, కిల్విన్నింగ్‌ను రెండోదిగా చెప్పింది.

1743లో కిల్విన్నింగ్ బయటికి వచ్చేసింది.

వచ్చి అలిగి కూర్చోలేదు. తానే ఒక గ్రాండ్ లాడ్జిలా చార్టర్లు, అంటే కొత్త లాడ్జి పెట్టుకోవడానికి అనుమతి పత్రాలు ఇచ్చింది, స్కాట్లాండ్‌లోనే కాదు, ఐర్లాండ్‌కూ సముద్రం అవతల వర్జీనియాకూ. అలా పుట్టిన లాడ్జిలు చాలావరకు పేరు చివర కిల్విన్నింగ్ అని తగిలించుకున్నాయి. టార్బోల్టన్‌లోని సెయింట్ జేమ్స్ లాడ్జికి 1771లో చార్టర్ ఇచ్చింది ఇదే. కవి రాబర్ట్ బర్న్స్ 1784లో డిప్యూటీ మాస్టర్‌గా కూర్చున్నది ఆ లాడ్జిలోనే.

1807లో రాజీ కుదిరింది. చార్టర్లు ఇచ్చే హక్కును కిల్విన్నింగ్ వదులుకుంది. బదులుగా దాని పిల్ల లాడ్జిలన్నిటినీ గ్రాండ్ లాడ్జి తన పట్టికలోకి తీసుకుంది. మరి తల్లిని ఎక్కడ పెట్టాలి? ఒకటో నంబర్ మేరీస్ చాపెల్‌ది. అందుకని పట్టికలో అన్నిటికన్నా పైన, నంబర్ లేకుండా పెట్టారు. జనం దాన్ని సున్నా నంబర్ అంటారు, మదర్ కిల్విన్నింగ్ అంటారు. ఎవరి కుర్చీ లాగకుండానే ఇంకొకరికి పీట వేసిన ఈ తీర్పంటే నాకు చాలా గౌరవం. కాగితం విషయంలో ఎడిన్‌బరోదే న్యాయం. కానీ తరతరాల నమ్మకాన్ని ఒక్క తీర్మానంతో కొట్టిపారేస్తే మనుషులు వెళ్లిపోతారని గ్రాండ్ లాడ్జికి తెలిసిరావడానికి 64 ఏళ్లు పట్టింది.

స్కాట్లాండ్‌లోనే మెల్‌రోజ్ ఊరి లాడ్జి వాళ్లు ఇంకా గట్టివాళ్లు. 1674 నుంచి మినిట్స్ ఉన్న ఆ లాడ్జి 1891 దాకా ఎవరి కిందికీ వెళ్లలేదు. డిసెంబర్ 27 రాత్రి కాగడాలతో బయల్దేరి, సంత కూడలిలోని స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగి, పాడుబడిన మఠంలోకి నడిచి వెళ్లే ఆచారం వాళ్లది. గ్రాండ్ లాడ్జిలో చేరాక కూడా దాన్ని మానలేదు.

మన దేశానికీ ఇలాంటి రోజు వచ్చింది. 1961 నవంబర్ 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు, చేరాలా వద్దా అన్నది ఏ లాడ్జికాలాడ్జి తేల్చుకుంది. చాలా చేరాయి. కొన్ని ఇప్పటికీ ఇంగ్లండ్, ఐర్లాండ్, స్కాట్లాండ్ గ్రాండ్ లాడ్జిల కిందే ఉన్నాయి. ఎవరూ ఎవర్నీ వెలివేయలేదు.

నేను కొన్నేళ్లు మా లాడ్జికి సెక్రటరీగా మినిట్స్ రాశాను. బాధ్యత తీసుకున్న రోజు పాత బీరువా తెరిస్తే అడుగు అరలోని పుస్తకానికి చెదలు పట్టి ఉంది. అట్ట పట్టుకుని ఎత్తితే కాగితం పొడి పొడిగా ఒళ్లో రాలింది. ఎన్ని సంవత్సరాలు పోయాయో లెక్క కట్టే వీలు కూడా లేకపోయింది. 1642 దగ్గర ఆగిపోయిన కిల్విన్నింగ్ వాళ్ల బాధ నాకు అప్పుడు అర్థమైంది.

మిగిలిన పేజీలకు ఇప్పుడు ఫొటోలు తీయిస్తున్నాం. మీ ఇళ్లలో తాతల నాటి పెట్టెల్లో లాడ్జి కాగితాలు, ఆహ్వాన పత్రాలు, మేసన్లు సభల్లో నడుముకు కట్టుకునే ఏప్రాన్‌లు ఉంటే ఒకసారి తీసుకురండి. మేం ఉంచుకోం. మీ ముందే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. సభ అయ్యాక అరగంట ఇక్కడే ఉంటాను.