పేరు రాయించావా?

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడిలో మా వీధి అంతా సుబేదారు తాతగారని పిలుచుకున్న పెద్దాయన ఈమధ్యే కాలం చేశారు. సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి వచ్చిన మనిషి. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నారు. ఆ రంగంలో పనిచేసినవారికి ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం ఆయన పెట్టెలో ఉండేది. 13 రోజుల యుద్ధం, ఢాకాలో పాకిస్తాన్ వైపు 93 వేల మంది లొంగుబాటు మేము పుస్తకాల్లో చదువుకున్నాం. ఆయన్ను అడిగితే మాత్రం "వంతెనలు వేశాం, మందుపాతరలు తీశాం" అని తేల్చేసేవారు.

ఆ రోజుల ముచ్చట్లు మామ్మగారి దగ్గరే ఎక్కువ దొరికేవి. ఆయనకు రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 99 ఏపీఓ అనే సైనిక తపాలా కార్యాలయం, అంతే. భర్త పేరు పైకి పలకని తరం ఇల్లాలు ఆవిడ. ఆయన సైనిక నంబరు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. ఏడాదికి రెండు నెలల సెలవుతో సంసారం నెట్టుకొచ్చారు. పిల్లల చదువు, జ్వరాలు, పెళ్లి సంబంధాలు, అన్నీ ఆవిడ మోసినవే. ఆ సంగతి తాతగారు నలుగురిలోనూ ఒప్పుకునేవారు.

రిటైరయ్యాక ఆయనకు ఒకటే యావ. సెలవు మీద వచ్చిన కుర్ర జవాను ఎదురుపడితే కుశల ప్రశ్న కంటే ముందు, "ఏమిరా, పార్ట్ టూ ఆర్డర్‌లో పెళ్లాం పేరు రాయించావా?" అనేవారు. జవాను వివరాల్లో మార్పులను యూనిట్ నమోదు చేసే ఉత్తర్వు అది. పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ ఆర్డర్‌లో పడితేనే సైనికుల వివరాలు భద్రపరిచే రికార్డ్ ఆఫీసుకు తెలుస్తుంది. పడకపోతే, జరగరానిది జరిగిన నాడు కుటుంబ పింఛను కోసం ఆ ఇల్లాలు కాళ్లరిగేలా తిరగాలి. మా ప్రాంతం 1936లో ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ కార్డుల్లో ఒడియా, సైన్యం కాగితాల్లో ఇంగ్లీషు. లక్ష్మి అనే పేరు ఇంగ్లీషులో ఒకచోట కె ఎస్ హెచ్‌తో, మరోచోట ఎక్స్‌తో పడుతుంది. ఆ ఒక్క అక్షరం చాలు, దరఖాస్తు వెనక్కి రావడానికి.

పక్క పల్లె నుంచి ఒక వితంతువు వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. తాతగారు ఆమె కాగితాలన్నీ మంచం మీద పరిచి, భూతద్దం పట్టి, తేడా ఉన్న ప్రతి అక్షరం కింద పెన్సిలుతో సన్నని గీత గీశారు. "ఏడవకమ్మా, ముందు సంతకం చెయ్యి" అని కసిరారు కూడా. మాట కరకే. మర్నాడు నోటరీ దగ్గరికి, మాజీ సైనికుల బాగోగులు చూసే సైనిక్ బోర్డు కార్యాలయానికి ఆమె వెంట వెళ్లింది మాత్రం ఆయనే. ఏటా నవంబరులో, పింఛనుదారు బతికే ఉన్నారని చూపే జీవన ప్రమాణ పత్రాల సమయానికి తాతగారి అరుగు మీద చోటుండేది కాదు. ఇంట్లో టీ కాచలేక కోడలు విసుక్కునేది. ఆమె విసుగూ న్యాయమే.

ఈ ప్రసంగం వింటున్నవారి ఇంట్లో మాజీ సైనికులు ఉంటే, పింఛను చెల్లింపు ఉత్తర్వు ఒకసారి బయటకు తీయండి. అందులో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డుతో సరిపోయాయో లేదో చూడండి. తేడా ఉంటే, ఆయన ఉండగానే దిద్దించుకోండి.